వంశంలో ఉందా, ఇంట్లో ఉందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వంశం గొడవే. పొడుగ్గా ఉన్నవాటిని కుదించాను. పేర్లు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: మాస్టారూ, నీట్ రెండుసార్లు రాశాను, ర్యాంకు రాలేదు. బీఎస్సీ జువాలజీలో చేరతానంటే మా నాన్న ‘కప్పలు కోసుకుని బతుకుతావేటి’ అంటున్నారు. ఆయన ఆటో నడుపుతారు. అప్పు చేసైనా ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌కి కడతానంటున్నారు. నాకు జంతువులంటే నిజంగానే ఇష్టం. జువాలజీ చదివితే ఉద్యోగం వస్తుందా? – విద్యార్థిని, టెక్కలి

జవాబు: అమ్మా, కప్పల కోతలు డిగ్రీలో ఎత్తేసి చాలా కాలమైందని ముందు నాన్నగారికి చెప్పు. ఆ బెంగ తీరితే మిగతాది మాట్లాడుకోవచ్చు.

జంతువులంటే ఇష్టమన్నావు. నేనూ ఆ మాటే చెప్పి ఎమ్మెస్సీలో చేరాను. పులుల మీద పని చేస్తాననుకున్నాను. నాకిచ్చిన ప్రాజెక్టు, బజార్లో కొన్న కొర్రమీనుల పేగుల్లో పురుగులు లెక్కపెట్టడం. తొమ్మిది నెలలు అదే పని. నా చొక్కా వాసనకి హాస్టల్ గదిలో వాళ్లు నా మంచం వరండాలో పడేశారు. నూట నలభై చేపలయ్యాక అంకెలన్నీ గ్రాఫు కాగితం మీద పెట్టి చూస్తే, చాలా చేపల్లో పురుగులు సున్నా, ఒకటో రెండో. పురుగుల్లో చాలా భాగం నాలుగైదు చేపల్లోనే కుప్పగా ఉన్నాయి. ఇలా ఉంటుందని ప్రపంచానికి అప్పటికే తెలుసు, నాకు తెలియదు. ఆ రాత్రి మెస్సులో ఏం వడ్డించారో, ఏం తిన్నానో గుర్తు లేదు.

జంతువుని చూడటం అందరికీ సరదాయే. చూసింది రోజూ రాసుకోవడం, విసుగొచ్చాక కూడా లెక్కపెట్టడం కొందరికే పడుతుంది. నీకు పడుతుందో లేదో తేల్చుకోడానికి కోచింగ్ ఫీజు అక్కర్లేదు. మీ టెక్కలికి భావనపాడు దగ్గరే. సంక్రాంతి వెళ్లాక ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. ఫారెస్టు వాళ్ల అనుమతితో, వాళ్ల వెంటే, తెల్లవారుజామున నాలుగింటికి ఇసుక మీద నడువు. ట్రాక్టరు టైరు అచ్చులాంటి జాడ ఒకటి నీళ్లలోంచి పైకి వస్తుంది, ఇంకొకటి కిందికి దిగుతుంది. రెండూ కలిసే చోట ఇసుక కలబెట్టినట్టుంటుంది. నేను వెళ్లిన రోజు అక్కడ పనిచేసే కుర్రాడు సన్నటి వెదురు పుల్లతో మెల్లమెల్లగా గుచ్చుతూ వెళ్లాడు. పుల్ల ఒక్కచోట సుళువుగా దిగేసరికి దాన్ని పక్కన పడేసి, చేత్తో తవ్వాడు. చెయ్యి మోచేతి దాకా లోపలికి పోయింది. ఒక్కొక్కటీ పింగ్‌పాంగ్ బంతంత గుడ్డు, కాకపోతే పెంకు మెత్తన, వేలు తగిలితే సొట్ట పడుతుంది. నూటపన్నెండు లెక్కపెట్టాడు. నేను నూటపదమూడన్నాను. మళ్లీ లెక్కపెట్టాం. వాడిదే సరైన లెక్క. ఇలాంటి చలి తెల్లవారుజాములు నెల రోజులు గడిపాక కూడా నీకు మళ్లీ వెళ్లాలనిపిస్తే ఈ చదువు నీదే.

ఇక ఉద్యోగాలు. బీఎస్సీ ఒక్కటే చేత పట్టుకుంటే కష్టం, ఆ మాట దాచను. ఎమ్మెస్సీ చేసి, సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే, 2023లో పెంచిన లెక్కన మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు, ఇంటద్దె అదనం. హైదరాబాద్‌లో కణాల మీద, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, 1916 నుంచీ నడుస్తున్న జువలాజికల్ సర్వే ఇవన్నీ ఆ దారిలోవే. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకి జువాలజీ డిగ్రీ సరిపోతుంది, ఈ సంగతి మనవైపు పిల్లల్లో చాలామందికి తెలియదు. బీఈడీ చేసి డీఎస్సీ రాసే దారి ఉండనే ఉంది, కానీ నోటిఫికేషన్ కోసం ఏళ్లు కూర్చున్నవాళ్లని నేను చాలామందిని చూశాను.

నా విద్యార్థుల్లో డిగ్రీ అవగానే జీతం అందుకున్నవాళ్లు ఎక్కువమంది రొయ్యల హేచరీల్లో, వాటి ల్యాబుల్లో చేరారు. తల్లి రొయ్యల్లో, పిల్లల్లో తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో పీసీఆర్ చేసి చెప్పే పని. నైట్ డ్యూటీలుంటాయి, టెన్షన్ ఉంటుంది. ఒక ట్యాంకు పోతే లక్షలు పోతాయి, యజమాని ముందు ల్యాబు కుర్రాణ్నే చూస్తాడు. అయినా అది అసలైన జువాలజీ పనే.

మూడోసారి కోచింగ్ సంగతి: రెండోసారి నీ మార్కులు సీటు వచ్చే మార్కుల అంచుకి చేరాయా? చేరితే ఆలోచించు. చేరకపోతే అప్పు వద్దని నాన్నగారికి నా మాటగా చెప్పు. డిగ్రీలో చేరితే మాత్రం స్టాటిస్టిక్స్ తప్పించుకు తిరక్కు. జువాలజీ వాళ్లు చతికిలబడేది ఎక్కువగా అక్కడే.

ప్రశ్న: లామార్క్ తప్పని మా పుస్తకం. ఎపిజెనెటిక్స్ వచ్చాక లామార్కే కరెక్టని తేలిందని వీడియోలు. పరీక్షలో ఏం రాయాలి? నిజంగా ఏది నిజం? – ఎమ్మెస్సీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయి బాబూ, మార్కులు పోగొట్టుకోకు. 1809లో ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ చెప్పిన ఆర్జిత గుణాల అనువంశికత, అంటే బతుకులో సంపాదించుకున్న గుణాలు పిల్లలకి వెళ్తాయన్న మాట, దాని మీద జర్మన్ శాస్త్రవేత్త వైస్‌మన్ ఎలుకల తోకలు కోసిన కథ. ఐదు తరాల ఎలుకలకి తోకలు కోస్తే, వాటికి పుట్టిన 901 పిల్లల్లో ఒక్కదానికీ పొట్టి తోక రాలేదు. నాకెప్పుడూ ఒకటే అనుమానం: తోక కోయించుకోవడం ఎలుక తన అవసరం కొద్దీ చేసిన పనా? లామార్క్ చెప్పింది జంతువు తనంత తాను వాడుకునే, వాడకుండా వదిలేసే అవయవాల గురించి. కాబట్టి ఆ ప్రయోగంతో లామార్క్ మొత్తంగా ఓడిపోయాడని చెప్పడం కొంచెం అన్యాయమే. తరవాత ఇతర కారణాలతో ఓడిపోయాడు, అది వేరే కథ.

ఇప్పటి గొడవ ఎపిజెనెటిక్స్, అంటే డీఎన్ఏ అక్షరాలు మారకుండానే జన్యువుల పనితీరు మారడం. అది అర్థం కావాలంటే ఒకే ప్రశ్న పట్టుకో. ఫలానాది పిల్లకి ఏ దారిన వచ్చింది?

మా పెద్దమ్మది పొందూరు. ఖద్దరు నూలు వడికేది. పత్తిని వడకడానికి ముందు వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఎండిన దవడ, అరచేతిలో పట్టేంత, దాని మీద వరసలు వరసలుగా సూదుల్లాంటి చిన్న చిన్న పళ్లు. చేపకి అవి నోట్లో పడ్డ చేపని జారిపోనివ్వకుండా ఉంచడానికి, మా పెద్దమ్మకి పత్తిలో చెత్త తీసి పోగులు తిన్నగా చేయడానికి. ఆవిడ చూపుడు వేలు దవడ అంచు మీద ఒక పక్కకి ఒరిగి ఉండేది. మా అక్క వేలూ అలాగే ఒరిగేది. చూసినవాళ్లంతా ‘అచ్చం తల్లి చెయ్యే, రక్తంలో ఉంది’ అనేవారు. ఆ ఇంట్లోనే, చిన్నప్పుడు తల్లి పోతే తెచ్చి పెంచిన దూరపు బంధువుల పిల్ల ఉండేది. దాని వేలూ అలాగే ఒరిగేది. దాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

తెచ్చి పెంచిన పిల్లని చూడటమే జువాలజీలో వాడే పరీక్ష. మాంట్రియల్‌లో మైఖేల్ మీనీ బృందం ఎలుకలతో ఇదే చేసింది. కొన్ని తల్లి ఎలుకలు పిల్లల్ని బాగా నాకుతాయి, కొన్ని అంతంతమాత్రం. బాగా నాకించుకున్న పిల్లలు పెద్దయ్యాక బెదురు తక్కువగా ఉంటాయి, ఆడవైతే తమ పిల్లల్నీ బాగా నాకుతాయి. తరం తరవాత తరం. జన్యువే అనిపిస్తుంది. పుట్టగానే పిల్లల్ని అటుదిటు ఇటుదటు మార్చేస్తే, పెంచిన తల్లి పోలికే వచ్చింది. మెదడులో ఒత్తిడిని అదుపు చేసే ఒక జన్యువు మీద, డీఎన్ఏకి అంటుకునే మిథైల్ అనే రసాయన గుర్తులు ఆ నాకుడుని బట్టే మారాయని 2004లో చూపించారు. డీఎన్ఏ అక్షరాలు మారలేదు. అక్షరం పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టినట్టు అనుకో. ఈ గుణం పిల్లకి చేరిన దారి తల్లి నాలుక. అండం కాదు, వీర్యం కాదు.

అసలు తగువంతా అండం, వీర్యం ద్వారా ఈ టిక్కులు వెళ్తాయా లేదా అన్నదాని మీదే. మొక్కల్లో వెళ్తాయి. పువ్వు ఆకారం మొత్తం మారిపోయిన టోడ్‌ఫ్లాక్స్ అనే మొక్కని జీవుల వర్గీకరణ శాస్త్రవేత్త లినేయస్ 18వ శతాబ్దంలోనే చూసి విస్తుపోయాడు. దాని జన్యువులో అక్షరం మారలేదు, మిథైల్ గుర్తులే ఎక్కువయ్యాయని 1999లో తేలింది. నులిపురుగుల జాతికి చెందిన సీ.ఎలిగాన్స్‌లో చిన్న ఆర్‌ఎన్‌ఏల ద్వారా కొన్ని తరాలు వెళ్తాయి. క్షీరదాల దగ్గరికొచ్చేసరికి చిక్కు. మనలో ఆ గుర్తుల్లో చాలా భాగం రెండుసార్లు చెరిగిపోతాయి. బీజకణాలు తయారయ్యేటప్పుడు ఒకసారి, పిండం కట్టిన మొదట్లో ఇంకోసారి. పలక తుడిచినట్టు. కొన్ని మూలల్లో సుద్ద మిగిలిపోతుంది, నిజమే. ఆ మిగిలింది ఎంత, అది ఏమైనా చేస్తుందా అన్నదే కొట్లాట.

2014లో అట్లాంటాలో ఒక వాసనకి మగ ఎలుకల్ని కరెంటు షాకుతో భయపెడితే, ఆ వాసన ఎన్నడూ ఎరగని కొడుకులు, మనవలు కూడా దానికి ఉలిక్కిపడ్డాయని రాశారు. పేపర్లన్నీ ‘తాత భయం మనవడికి’ అని వేశాయి. అన్ని ప్రయోగాలూ వరసగా అనుకున్నట్టే రావడం అంకెల లెక్కకి అతకడం లేదని అదే ఏడాది ఒకాయన విమర్శ రాశాడు. నేను విమర్శకుడి పక్షం. ఎలుకల్లో మళ్లీ మళ్లీ, వేర్వేరు ల్యాబుల్లో వస్తే మారతాను.

మనుషుల విషయంలో చాలామంది జారిపడే చోటు ఒకటుంది. 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువొచ్చింది. అప్పుడు కడుపుతో ఉన్న తల్లుల పిల్లలకి పెద్దయ్యాక షుగర్ లాంటివి ఎక్కువ కనబడ్డాయి. దాన్ని ‘వంశపారంపర్యం’ అనేస్తారు. కానీ చూడు. తల్లి కరువులో ఉంది. ఆమె కడుపులో ఆడపిల్ల ఉంది. ఆ పిండంలోనే రేపటి మనవరాలి అండం అప్పటికే తయారవుతోంది. అంటే మూడు తరాలూ ఒకే ఆకలిని నేరుగా తిన్నాయి. ఎవరూ ఎవరికీ అప్పగించిందేమీ లేదు. తల్లి వైపు నుంచి నాలుగో తరంలో కనబడితేనే అది నిజంగా అందిందని చెప్పాలి. పుణేలో యాజ్ఞిక్ గారి బృందం మన పిల్లలు పుట్టినప్పుడు బరువు తక్కువ, ఒంట్లో కొవ్వు మాత్రం ఎక్కువని చూపించింది. అది కూడా ముందు తల్లి తిండి కథ.

2014లోనే నేచర్ పత్రికలో కెవిన్ లేలండ్ వర్గం ఒకవైపు, గ్రెగరీ రే, హోపీ హొక్‌స్ట్రా వర్గం ఇంకోవైపు రాసుకున్నారు. పరిణామ సిద్ధాంతాన్ని తిరగరాయాలని లేలండ్ వర్గం, ఉన్నదాంట్లోనే ఇవన్నీ ఇముడుతాయని రే, హొక్‌స్ట్రా వర్గం. రెండు వర్గాలకీ తాబేలు సంగతి ఒకటే. సముద్రపు తాబేలు పిల్ల ఆడో మగో క్రోమోజోమ్ చెప్పదు. గూడులో ఇసుక 29 డిగ్రీలకి అటూఇటూ ఉంటే రెండూ కలిసి పుడతాయి. ఇంకా వేడెక్కితే ఆడవి, చల్లగా ఉంటే మగవి. తల్లి ఎక్కడ తవ్వింది, ఎంత లోతు తవ్వింది అన్నది పిల్లకి తల్లి ఇచ్చిన ఆస్తే కదా? దాన్ని అనువంశికత అనాలా వద్దా అన్నదాంట్లో సగం మాటల తగువు. నా మటుకు ‘అందింది’ అంటే చాలు, ఏ దారినో చెప్పమంటాను.

లామార్క్ గెలిచాడని సంబరపడే వీడియోలు చూసినప్పుడు సోవియట్ వ్యవసాయ శాస్త్రవేత్త లైసెంకోని కూడా గుర్తు చేసుకో. పెంపకంతో పంటల వంశం మార్చేస్తానని స్టాలిన్‌ని నమ్మించాడు. అతన్ని వ్యతిరేకించిన గొప్ప విత్తనాల శాస్త్రవేత్త వావిలోవ్ 1943లో జైల్లో తిండి లేక పోయాడు.

ప్రశ్న: మా తాతకి, నాన్నకి, నాకు చెవుల అంచుల మీద వెంట్రుకలు. మా ఆవిడ వారానికోసారి కత్తెర పట్టుకుని నా వెనక పడుతుంది. ఇది వై క్రోమోజోమ్ మీద ఉంటుందని, మగపిల్లలందరికీ తప్పకుండా వస్తుందని ఇంటర్లో చదివాను. మా మనవడికీ తప్పదా? – రిటైర్డ్ ఉద్యోగి, విజయనగరం

జవాబు: ఇంటర్లో ఆ పాఠం మీకు చెప్పింది నేను కాదని ఆశ. ఎందుకంటే పాతికేళ్లు నేనూ అదే చెప్పాను.

ఈ కథ మనదే. హాల్డేన్ అనే పెద్ద శాస్త్రవేత్త ఇంగ్లండ్ వదిలి 1957లో మన దేశానికి వచ్చేశారు. ఆయన శిష్యుడు పిఠాపురం వాడు, ద్రోణంరాజు కృష్ణ. మన ఆంధ్రా కుటుంబాల వంశవృక్షాలు గీసి, చెవి వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కే వెళ్తున్నాయని 1960లో రాశారు. వై క్రోమోజోమ్‌కి అంత తేలిక ఉదాహరణ దొరకడం కష్టం కాబట్టి పాఠ్యపుస్తకాలు దాన్ని పట్టుకున్నాయి. 2004లో దక్షిణ భారతదేశపు మగవాళ్ల వై క్రోమోజోములు పోల్చి చూస్తే, చెవి వెంట్రుకలున్నవాళ్లకీ లేనివాళ్లకీ తేడా కనబడలేదు. ఆ పేపరు నా పాత విద్యార్థి ఒకడు పంపాడు. కింద ‘సార్, నాకు ఈ ప్రశ్నకి రెండు మార్కులు వేశారు, వెనక్కి ఇచ్చేయాలా?’ అని రాశాడు.

నాకు అప్పుడే తట్టాల్సింది ఇది: గడ్డం మగవాళ్లకే వస్తుంది. అలాగని గడ్డం జన్యువులు వై మీద లేవు. కూతురి ద్వారా కూడా మనవడికి వెళ్తాయి. మగ హార్మోను, వయసు కలిస్తేనే బయటపడతాయి. చెవి వెంట్రుకలూ అలాంటివే కావచ్చు. మీ మనవడికి రావచ్చు, రాకపోవచ్చు. కత్తెర మాత్రం దాచి ఉంచండి.

హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో పోయారు. తన శరీరాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చారు.

ప్రశ్న: మా ఆయనకి, మా బావగారికి కిడ్నీలు పాడై డయాలసిస్. బాబుకి సంబంధాలు చూస్తుంటే ‘వంశంలో ఉంది’ అని వెళ్లిపోతున్నారు. బాబు పదేళ్లుగా విశాఖలో ఉంటున్నాడు. వాడికీ వస్తుందా? – ఒక తల్లి, కవిటి

జవాబు: అమ్మా, నేను డాక్టర్ని కాను, అది మనసులో పెట్టుకుని వినండి. ఉద్దానంలో అన్నదమ్ములిద్దరికీ వచ్చిందంటే ఇద్దరికీ రక్తం ఒకటే అని ఊరు అంటుంది. ఇద్దరూ ఒకే నుయ్యి నీళ్లు తాగారు, ఒకే తోటలో ఒకే ఎండలో పని చేశారు, ఒంటినొప్పులకి ఒకే కొట్లో మాత్రలు కొన్నారు. అది ఎవరూ అనరు. ఉద్దానం జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నీళ్లు, ఎండ, మందులు, జన్యువులు అన్నీ చూస్తున్నారు. తేలకముందే ‘వంశం’ అని మీ అబ్బాయి మీద ముద్ర వేయడం తప్పు.

నిజంగా వంశపారంపర్యంగా వచ్చే కిడ్నీ జబ్బు ఒకటుంది, కిడ్నీల నిండా నీటితిత్తులు వస్తాయి. అది తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ సగం అవకాశం. స్కానింగ్‌లో కనబడుతుంది. మీ ఆయన రిపోర్టులు డాక్టరుకి చూపించి అది కాదని చెప్పించుకోండి. సంబంధం వాళ్లు అడిగితే నోటి మాట కంటే ఆ కాగితం పనికొస్తుంది. బాబుని ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, బీపీ చూపించుకోమనండి. డాక్టరు రాయకుండా నొప్పి మాత్రలు వద్దు.

ప్రశ్న: మా ఊరి కొంగలు సైబీరియా నుంచి వస్తాయా? వాటి ముక్కుల మధ్య సందు ఎందుకు? – 8వ తరగతి, తేలుకుంచి

జవాబు: సైబీరియా కాదు నాన్నా. తొలకరికి మీ చింతచెట్ల మీద గూళ్లు కట్టే ఆ నత్తలు తినే కొంగలు మన దక్షిణాసియా, ఆగ్నేయాసియాలవే. మంచుదేశాలు వాటికి పడవు. కాకపోతే బాగా తిరుగుతాయి. థాయిలాండ్‌లో కాలికి రింగు వేసిన కొంగ 1,500 కిలోమీటర్ల అవతల బంగ్లాదేశ్‌లో దొరికింది.

ముక్కు సందు నత్తని పట్టుకోడానికి పనికొస్తుందని అనుకుంటారు. మరి ఆ సందు నత్త గుల్లలు కొరికి కొరికి అరిగి వచ్చిందా? పైన శ్రీకాకుళం అన్నయ్యకి నేను రాసింది చదివావు కదా, లామార్క్ అయితే అలాగే అనుకునేవాడేమో. నీకొక విషయం చెప్తాను. గూట్లో ఉన్న పిల్లల ముక్కుకి సందు ఉండదు. పెరిగే కొద్దీ వస్తుంది. మీ ఇంటి పెరట్లోంచి కనబడే గూడు ఒకటి ఎంచుకో. రోజూ స్కూలుకి వెళ్లేముందు ఒకసారి చూసి తేదీ వేసి రాయి. ముక్కు మూసి ఉన్నప్పుడు మధ్యలోంచి వెలుతురు మొదటిసారి ఏ రోజు కనబడింది? అప్పటికి ఆ పిల్ల తనంత తాను నత్త తినడం మొదలుపెట్టిందా, ఇంకా అమ్మానాన్నలే పెడుతున్నారా? చెట్టు ఎక్కొద్దు, కింద నుంచే చూడు. నోటుబుక్కు నిండాక నాకు పోస్టులో పంపు.